కాకి ఎటునుంచి వచ్చింది

మొన్న హైదరాబాదు నుంచి ఒక కుర్రవాడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. పాత సినిమాల్లో కొట్లాటలు చేసినవాళ్ల వివరాలు పోగుచేస్తున్నాడట. హీరోల బదులు గుర్రాల మీదినుంచి పడ్డవాళ్లు, విలన్ వెనక చేతులు కట్టుకుని నిలబడి చివర్లో తన్నులు తిన్నవాళ్లు, తెర మీద పేర్లు పడనివాళ్లు. వాళ్లలో మా చిన్నబాపు ఒకడని ఎవరో చెప్పారట. ఎవరు చెప్పారని అడిగితే కొంచెం తడుముకున్నాడు. నాకు వెంటనే అనుమానం వచ్చింది. ఈ రోజుల్లో ఇంటికి వచ్చి పాత ఫోటోలు అడిగేవాళ్లు వాటితో ఏం చేస్తారో ఎవరికి తెలుసు? చాయ్ ఇచ్చాను గానీ ఫోటో ఇవ్వలేదు. అల్మారాలో ఉంది, తాళంచెవి కనబడటం లేదన్నాను. తాళంచెవి నా కొంగుకే వేలాడుతోంది. అతను దాన్ని చూసి కూడా చూడనట్టే ఊరుకున్నాడు. అందుకు కొంచెం నచ్చాడు.

వెళ్లేముందు చెప్పులు వేసుకుంటూ, "అంత మంచి వేషం చేతికొచ్చాక మీ చిన్నాన్న సినిమాలు ఎందుకు మానేశారమ్మా?" అని అడిగాడు. తల్లి చనిపోయిందని తార్, అదే టెలిగ్రాం, వస్తే వచ్చేశాడని చెప్పాను. పాపం అన్నాడు. ఆ తల్లి అప్పుడు చనిపోలేదని నేను చెప్పలేదు. ఆ మాట చెబితే కాకి దగ్గర మొదలుపెట్టాలి. అతనికి బస్సు టైమైపోయింది. అతను పోయాక ఆ సాయంత్రమంతా నాకు వేరే పని తోచలేదు.

మాది బోధన్ పక్కన ఎడపల్లి. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని, నాన్న తల్లిని బాపమ్మ అని పిలిచే ఇల్లు. చెరకు, వరి, ఇంటి వెనక కాస్త పసుపు. చలికాలం మొదలై ఫ్యాక్టరీలో చెరకు ఆడటం ప్రారంభమైతే, గాలి తిరిగినప్పుడల్లా మడ్డి వాసన మా వాకిట్లోకి వచ్చేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ముక్కు మూసుకునేవారు. మాకు ఆ పులిసిన తీపి వాసన రాకపోతేనే ఏదో లోటుగా ఉండేది. ఇంటి పెత్తనం బాపమ్మది. ఆమె ఎవరినీ నమ్మేది కాదు. కళ్లంలో వడ్లు కుప్ప పోసిన సాయంత్రం దాని చుట్టూ బూడిదతో ముద్రలు వేసి, తెల్లారి ముఖం కడుక్కోకముందే పోయి ఏ ముద్రయినా చెదిరిందా అని చూసుకునేది. పాలు పోసేవాడి కళ్లెదుటే వేలు ముంచి నాలుక మీద వేసుకునేది. ఎవరైనా ఊరికే నవ్వితే, "గాయిన ఎందుకు నవ్విండు?" అని ఆ పూటంతా ఆలోచించేది. చెరకు పండిందో లేదో తెలియాలన్నా, బెల్లంలో కల్తీ ఉందో లేదో తేలాలన్నా, మా ఇంట్లో కళ్లను ఎవరూ లెక్కచేయరు, నాలుక చెప్పిందే సాక్ష్యం. ఈ రోజుకూ నేను మందుల షాపులో ఇచ్చిన మాత్రను కొస కొరికి చూసిగానీ వేసుకోను. మావాళ్లు భూములు పంచుకున్నారు గానీ అనుమానం మాత్రం అందరికీ ఉమ్మడిగానే వచ్చింది.

ఆ ఇంట్లో అనుమానం లేకుండా పుట్టినవాడు చిన్నబాపు ఒక్కడే. మా బాపుకు తమ్ముడు, పేరు గంగారాం. కింద ఏముందో చూడకుండా దూకే మనిషి. తాలీంలో కుస్తీలు నేర్చాడు. పీర్ల పండగకు ఒళ్లంతా పసుపురంగు, నల్లచారలు పూసుకుని పులి వేషం కట్టి, చెరకు నిండుగా పేర్చిన బండి మీదినుంచి పల్టీ కొట్టి డప్పుల మధ్యలో రెండు కాళ్ల మీద నిలబడేవాడు. దూకే ముందు ఆయన ముఖం చూడాలి. అన్నం ముందు కూర్చున్న ఆకలిగొన్న మనిషి ముఖంలా ఉండేది. పడటం అంటే ఆయనకు అంత ఇష్టం. చిన్నవ్వ, అంటే ఆయన భార్య లసుంబాయి, నవీపేట్ పిల్ల. సన్నగా, ఎత్తుగా, మాట తక్కువగా ఉండేది. ఆయన బండెక్కితే ఆమె లోపలికి పోయి తలుపు దగ్గరికి వేసుకునేది. డప్పులు మళ్లీ మొదలైతే మనిషి క్షేమంగా దిగాడని గుర్తు. అప్పుడు తలుపు తెరిచేది.

వాళ్ల పెళ్లయిన కొత్తలోనే మొదటి కాకి సంగతి జరిగింది. చిన్నవ్వ పుట్టింట్లో ఉంది. వాకిట్లో కూర్చుని తలకు నూనె రాసుకుంటున్న చిన్నబాపు నెత్తి మీద ఒక కాకి వచ్చి తన్ని పోయింది. అది చావుకు సూచన అని మా దగ్గర నమ్మకం. దానికి విరుగుడు కూడా ఉంది. ఆ మనిషి చనిపోయాడని దగ్గరివాళ్లకు అబద్ధపు కబురు పంపాలి. వాళ్లు నిజమనుకుని ఏడవాలి. ఆ ఏడుపుతో గండం పోతుంది. అసలు సంగతి వాళ్లకు ముందే తెలిస్తే ఆ ఏడుపు పనికిరాదు. ఏడ్చుకుంటూ వచ్చినవాళ్లు మనిషిని కళ్లారా చూశాక నోరు తీపి చేసి పంపాలి. బాపమ్మ క్షణం ఆలస్యం చేయలేదు. ఒక మనిషిని రెంజల్‌లో ఉన్న తన బిడ్డ, మా మేనత్త రాజుబాయి దగ్గరికి తోలింది. ఇంకొక మనిషిని నవీపేట్‌కు తోలింది. ఇంట్లో జొన్నరొట్టె, బెల్లం కలిపి నలిపి మలీద చేయించి పెట్టింది.

రెంజల్ అత్త ఏడుపు వాడకట్టు మలుపులోనే వినబడింది. జుట్టు విరబోసుకుని గుండెలు బాదుకుంటూ వచ్చి, అరుగు మీద కూర్చుని రొట్టె తింటున్న తమ్ముణ్ణి చూసింది. కాలి చెప్పు తీసి ఆయన వీపు మీద నాలుగు వేసింది. తర్వాత అదే వీపు మీద తల ఆనించి నవ్వింది. వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. చిన్నవ్వ మధ్యాహ్నం దిగింది. ఆమె అరవలేదు. నుదుటి మీద బొట్టు లేదు, దారిలో తనే చెరిపేసుకుంది. చిన్నబాపు లేచి నిలబడి నవ్వుతూ చేతులు చాచాడు. బాపమ్మ గబగబా బొట్టు పెట్టి, మలీద ముద్ద కోడలి నోట్లో పెట్టింది. ఆమె ఆ ముద్దను అట్లాగే బుగ్గన పెట్టుకుని నిలబడింది, నమలలేదు. చివరికి ఆయనతో, "తొవ్వ పొడుగు నువ్వు సచ్చినవనే నమ్మిన. ఇంక నువ్వు జెప్పేటిది ఏది నమ్మాలె?" అంది. మాకు అది మరీ ఎక్కువ చేసినట్టు అనిపించింది. గండం పోయిన సంతోషంలో ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత ఒక చెరకు సీజనులో బోధన్‌కు సర్కసు వచ్చింది. చిన్నబాపు దానితో పోయాడు. సర్కసు నుంచి మద్రాసు చేరి, ఒక ఫైట్ మాస్టరు కింద కుదురుకున్నాడు. హీరోకు బదులు దూకే డూపుగా కొన్ని సినిమాలు, విలన్ మనుషుల్లో ఒకడిగా కొన్ని. ఆయన ఉన్న సినిమా బోధన్ టాకీసుకు వచ్చిందంటే బాపు బండి కట్టేవాడు. ఇంటిల్లిపాదీ మొదటి ఆటకు పోయేవాళ్లం. చుట్టుపక్కల కూర్చున్నవాళ్లకు చిన్నబాపును చూపించడం పెద్ద కష్టమయ్యేది. దూకినప్పుడు వీపు కనబడేది, పడినప్పుడు దుమ్ము కనబడేది, లేచేసరికి హీరో ముఖం ఉండేది. "వీపు సూపెట్టి మావోడే అంటె ఎట్ల నమ్మాలె?" అనేవారు ఊళ్లోవాళ్లు. మద్రాసులో హోటల్లో గిన్నెలు కడుగుతున్నాడని ఒకరు, జైల్లో ఉన్నాడని ఒకరు చెప్పుకునేవారు. బాపమ్మ ఊరి మాట నమ్మలేదు. అట్లా అని కొడుకు మాటా పూర్తిగా నమ్మలేదు. ఆమె తెర మీది చెవుల వెనక చూసేది, అక్కడ ఆయనకు చిన్నప్పటి పుండు మచ్చ ఉండేది. చిన్నవ్వ మాత్రం వీపు కనబడగానే తల దించుకుని, పక్కనున్న నా చేయి పట్టుకునేది. "లేచిండా?" అని నన్ను అడిగేది. లేచాడు అని నేను చెప్పేదాకా తల ఎత్తేది కాదు.

ఆయన ఇంటికి వచ్చినప్పుడు ఒంటి నిండా కమిలిన మచ్చలుండేవి. అంతా ఉత్తుత్తిదే అనేవాడు. గుద్దులు గాలిలోనే కొడతారట, చప్పుడు తర్వాత కలుపుతారట, కత్తులు చెక్కవట, నెత్తురు రంగునీళ్లట. "మరి అద్దాల కిటికీ పగులగొట్టుకుంట దూకినవు గదా, గదేంది?" అని చిన్నవ్వ ఒకసారి అడిగింది. మరుసటిసారి ఆయన తుండుగుడ్డలో చుట్టి ఒక అద్దం పలక తెచ్చాడు. ఆమె చేతిలో పెట్టి, "నాలికె మీద వెట్టి సూడు" అన్నాడు. ఆమె అంచును నాలుకతో తాకింది. తియ్యగా ఉంది. చక్కెర పాకం పలచగా పోసి ఆరబెట్టి చేసిన అద్దమట, పగిలినా ఒంటికి గుచ్చుకోదట. ఇంటిల్లిపాదీ నాకి చూశాం. బాపమ్మ రెండు చోట్ల నాకి ఒప్పుకుంది. మా చేలో పెరిగిన చెరకే ఫ్యాక్టరీలో చక్కెరై, మద్రాసు పోయి అద్దమై, మా చిన్నబాపు కోసం పగులుతోందని ఊరంతా చెప్పుకుని మురిసిపోయాం. ఆ పలకను దేవుడి గూట్లో పెట్టారు. చీమలు పట్టేదాకా అక్కడే ఉంది.

చిన్నవ్వ కూడా నమ్మినట్టే కనబడింది. ఆమె అంత తేలికగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. రెండు రోజుల తర్వాత పొద్దున ఎండలో ఆయన్ని పీట మీద కూర్చోబెట్టి వీపుకు నువ్వుల నూనె పట్టిస్తోంది. నేను పక్కనే కూర్చుని గుడాలు తింటున్నాను. భుజం రెక్క కింద ఆమె వేలు ఒక చోట ఆగింది. అక్కడే మళ్లీ తడిమింది. రెండు బొటనవేళ్లతో నొక్కితే పాత గాయం నుంచి సన్నటి పెంకు ఒకటి బయటికి వచ్చింది. ఆమె దాన్ని కొంగుతో తుడిచి ఎండకు పట్టి చూసింది. తర్వాత నాలుక మీద పెట్టుకుంది. చాలాసేపు అట్లాగే ఉంచుకుంది, కరుగుతుందేమోనని చూసిందనుకుంటాను. "తియ్యగ లేదు" అంది.

చిన్నబాపు వెనక్కి తిరగలేదు. "చక్కెర అద్దం హీరోకు. దగ్గరికెల్లి మొకం తీసేటప్పుడు వెడతరు. దూరం నుంచి తీస్తె మామూలు అద్దమే, తెర మీద ఫరక్ తెల్వది" అన్నాడు. "నువ్వు దూరం నుంచి దూకెటోనివి" అంది చిన్నవ్వ. ఆయన ఊఁ అన్నాడు. ఆమె పెంకును అరుగు అంచున పెట్టి, గాయం మీద కొంచెం పసుపు అద్ది, మిగిలిన నూనెను వీపుకు పట్టించింది. కోపం లేదు, ఏడుపు లేదు. ఆ రోజు నుంచి మాత్రం ఆయన ఏం చెప్పినా ఆమె తలకాయ ఊపేది, ఒక్క ముక్క నమ్మేది కాదు. మా ఇంటి అనుమానమంతా చివరికి ఇంటి కోడలి దగ్గర చేరిందని నాకనిపించేది.

ఆ తర్వాతి ఏడు ఆయన వచ్చినప్పుడు కాళ్లు నేల మీద లేవు. వేషం దొరికింది. వీపు వేషం కాదు, ముఖం వేషం. విలన్‌కు తమ్ముడు. మాటలున్నాయి, తెర మీద పేరు పడుతుంది. దాని కోసం మెలితిప్పిన పెద్ద మీసం, మెడ దాకా జుట్టు పెంచాడు. ఊళ్లోవాళ్లు చుట్టూ చేరి మీసం ముట్టుకోబోతే పక్కకు తప్పుకునేవాడు. "గీ మీసం ఇప్పుడు నాది గాదు, కంపెనీది. సగం సినిమా దీంతోనే తీసిండ్రు. కత్తి వెడితే నా ఏషం వోతది" అన్నాడు. ఆఖరి సీను ఇంకా తీయలేదట. కాలుతున్న బురుజు మీదినుంచి, బట్టలకు నిప్పంటుకుని ఉండగా, కింద గడ్డి బండిలోకి దూకాలట. డూపు లేడు, తనకు తానే. ఆ బురుజు ఎంత ఎత్తో చూపించడానికి మా ఇంటి కప్పును, దాని మీదున్న కాకుల్ని, ఇంకా పైనున్న ఆకాశాన్ని చూపించాడు.

చిన్నవ్వ రొట్టెలు చేస్తూ వింటోంది. "కింద ఏం పరుస్తరు?" అని అడిగింది. గడ్డి, దాని కింద అట్టపెట్టెలు అన్నాడు. "నువ్వు సూసినవా?" అంది. ఇంకా పెట్టలేదన్నాడు. ఇంకో రొట్టె తడుతూ, "మీసం తీసేస్తె పెట్టుడు మీసం వెట్టరా?" అని అడిగింది. ఆయన నవ్వి, "మీసం వెడతరు. గుండు అయితె ఏం వెడతరు? దగ్గరికెల్లి తీస్తె దొరికిపోతది" అన్నాడు. మద్రాసు మాటలు ఆమె ఎప్పుడూ అడిగేది కాదు. ఆ రోజు ఇంత వివరంగా అడగడం నాకు వింతగానే తోచింది. రొట్టె మాడిన వాసన వస్తే తిప్పి వేసింది.

ఆయన తిరిగి మద్రాసు పోయాక కొన్నాళ్లకు, చెరకు బండ్ల రోజుల్లో, చిన్నవ్వ ఎడపల్లి నుంచి ఫ్యాక్టరీ గేటు దాకా నడిచిపోయింది. అప్పుడు బండ్లవాళ్లు గేటు బయట పెద్ద వరస కట్టి, ఎద్దులను విప్పి, అక్కడే వండుకుని తింటూ వంతు కోసం కూర్చునేవారు. మా బాపు ఆ వరసలో ఉన్నాడు. చిన్నవ్వ ఆయన దగ్గరికి పోయి, "బావా, అత్త నెత్తి మీద కాకి తన్నింది. మద్రాసుకు తార్ గొట్టాలె" అంది. తల్లికి తలకొరివి పెట్టాల్సింది చిన్నకొడుకే కాబట్టి ముందు ఏడవాల్సింది కూడా వాడే. బాపు ఎద్దులను పక్క బండివాడికి అప్పగించి నేరుగా తార్ ఆఫీసుకు పోయాడు. తల్లి పోయింది, వెంటనే రమ్మని కొట్టించాడు. రెంజల్‌కు మనిషిని పంపాడు. ఇంటికి వచ్చి, "నిజమేనా అవ్వా?" అని అడిగితే, బాపమ్మ తల మీద చేయి పెట్టుకుని, "తన్నింది బిడ్డా" అంది. నేను బడి నుంచి వచ్చేసరికి ఆమె అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చావు సూచన వచ్చిన మనిషి అంత నిదానంగా ఉండటం నాకు నచ్చలేదు. అంతకుముందు రోజు ఆ అత్తాకోడళ్లిద్దరూ కొట్టంలో తలలు దగ్గర పెట్టుకుని మాట్లాడుకోవడం చూశాను. వాళ్లిద్దరూ అట్లా కూర్చోవడం మా ఇంట్లో ఎవరమూ ఎరగం.

రెంజల్ అత్త ఆ సాయంత్రమే ఏడుస్తూ వచ్చింది, నవ్వింది, మలీద తిని పడుకుంది. చిన్నబాపు రావడానికి మూడు రోజులు పట్టింది. ఈలోగా దహనం అయిపోయి ఉంటుందనుకున్నాడు పాపం. కొరివి పెట్టే భాగ్యం అన్నకు పోయినా మిగతా కర్మ తనే చేయాలని, నిజామాబాద్ స్టేషన్లో దిగి, బయట చెట్టు కింద కూర్చున్న మంగలి ముందు తల వంచాడు. జుట్టు, మీసం రెండూ ఇచ్చేశాడు. నున్నటి గుండుతో, మీసం ఉన్నచోట తెల్లగా మెరుస్తున్న పెదవితో వాకిట్లోకి వచ్చాడు. బాపమ్మ చేట దించి ఆయన వంక చూసింది. "ఎవలు సచ్చిండ్రురా?" అంది.

"నువ్వేనే అవ్వా" అన్నాడు చిన్నబాపు. అని ఉన్నచోటనే కూలబడ్డాడు. తల్లి మోకాళ్లు పట్టుకుని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. బతికి ఉండగానే కొడుకు గుండు చూడాల్సి వచ్చిందని బాపమ్మ కూడా ఏడ్చింది, అది మాత్రం నటన కాదు. రెంజల్ అత్త మధ్యలో నిలబడి నవ్వుతూ కాకి సంగతి చెప్పింది. చిన్నబాపూ నవ్వాడు. ఆ నవ్వు మధ్యలో చేయి పైపెదవి మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. చేయి అట్లాగే పెట్టుకుని తలెత్తి గడప వైపు చూశాడు. చిన్నవ్వ మలీద పళ్లెం పట్టుకుని గడపలో నిలబడి ఉంది. కళ్లు దించలేదు.

ఆయన మర్నాడే మద్రాసు తిరిగిపోయాడు. కంపెనీ జుట్టు పెరిగేదాకా ఆగలేదు. ఆ వేషం ఇంకొకాయనకు ఇచ్చి మొదటి నుంచి మళ్లీ తీశారు. చిన్నబాపు కొన్నాళ్లు అక్కడే వీపు వేషాలు వేసి, ఒక రోజు ట్రంకు పెట్టెతో వచ్చేశాడు. ఆ సినిమా మా టాకీసుకు వచ్చినప్పుడు అందరం పోయాం. కాలుతున్న బురుజు వచ్చింది. ఆ ఇంకొకాయన దూకాడు. మంటలతో కింద పడి, దొర్లి, లేచి నిలబడి చక్కగా రెండు మాటలు చెప్పి చచ్చాడు. తర్వాత చాలా సినిమాల్లో ఆయన ముఖం చూశాం. చిన్నబాపు తెర వైపు చూడలేదు. ఆయన చిన్నవ్వ వైపు చూస్తున్నాడు. ఈసారి ఆమె తల దించుకోలేదు, నా చేయి పట్టుకోలేదు. తెర మీద దూకేది ఎవరో ముక్కూ ముఖం తెలియని మనిషి.

అప్పటి నుంచి మా ఇంట్లో కాకి విచారణ మొదలైంది. చిన్నబాపు కొట్లాడేవాడు కాదు, తాగేవాడు కాదు. చెరకు పని చూసుకున్నాడు, సాయంత్రాలు తాలీంలో పిల్లలకు పల్టీలు నేర్పాడు. కానీ అన్నం తింటూ తింటూ, ఏ పూటో, మామూలు మాటలా అడిగేవాడు. "కాకి ఎటునుంచి వచ్చింది?" చిన్నవ్వ, "యాపచెట్టు దిక్కుకెల్లి" అనేది. ఇంకోరోజు తల్లిని విడిగా పట్టుకుని అదే మాట అడిగేవాడు. బాపమ్మ, "కొట్టం దిక్కుకెల్లి" అనేది. రెండూ కలవలేదని ఆయన ఎప్పుడూ పైకి అనలేదు. విని, మజ్జిగ పోసుకుని తినేసేవాడు. ఏండ్ల తరబడి ఇదే. ఆయన్ను బతికించుకోవడానికి ఆమె అబద్ధమాడిందా, లేక దేవుడే కాకిని పంపాడా, తన ఒకే ఒక్క ముఖాన్ని ఎవరు తీసుకున్నారో తెలియక ఆయన లోపల్లోపల నలిగిపోయాడు. చూస్తున్న మాకూ బాధే. చెప్పెయ్యవచ్చు కదా అని చిన్నవ్వ మీద నాకు కోపం వచ్చేది. చెప్పడానికి ఏమీ లేదేమో అని మళ్లీ జాలి వేసేది.

బాపమ్మ నిజంగా పోయిన రోజు మంగలి వచ్చి కూర్చున్నా చిన్నబాపు తల వంచలేదు. లోపలికి పోయి తల్లి ముక్కు దగ్గర వేలు పెట్టి, చాలాసేపు ఆగి, అప్పుడు వచ్చి కూర్చున్నాడు. ఆ సాక్షి అట్లా వెళ్లిపోయింది. మరి కొన్నేళ్లకు చిన్నబాపుకు కామెర్లు వచ్చాయి. ఎన్ని ఎత్తుల మీదినుంచో పడి లేచిన మనిషి నులకమంచం మీదినుంచి లేవలేకపోయాడు. ఆయన పోయాడని రెంజల్‌కు మనిషిని పంపితే, అత్త తీరిగ్గా స్నానం చేసి, మంచి చీర కట్టుకుని, పాన్ నములుతూ వచ్చింది. వాకిట్లో అడుగుపెట్టి, "మలీద జేసిండ్రా లేదా ఈపాలి? నన్ను ఎన్నిసార్లు ఏడిపిస్తరే?" అంది. ఆమె తమ్ముడి దగ్గరికి పోయి బుగ్గ గిల్లింది. ఆ తర్వాత ఆమె పెట్టిన కేక నేను మరచిపోలేను.

పదో రోజు పిట్టకు పెట్టడానికి కాలువ కట్ట మీదికి పోయాం. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టి పక్కకు జరగాలి. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ జీవికి ఏదో కోరిక మిగిలిందని అర్థం, అది తీరేదాకా ఇంట్లోవాళ్లు అన్నం ముట్టరు. చిన్నబాపు వాళ్లకు పిల్లలు లేరు కాబట్టి కర్మంతా బాపే చేశాడు. కోడికూర, జొన్నరొట్టె, గుడాలు, సీసాలో కల్లు, ఒక బీడీ కట్ట పెట్టాం. తుమ్మచెట్టు మీద కాకులు కూర్చున్నాయి. చూస్తున్నాయి, దిగటం లేదు. బాపు విస్తరి దగ్గరికి పోయి, "లసుంబాయిని నేను సూసుకుంటరా తమ్మీ" అన్నాడు. దిగలేదు. రెంజల్ అత్త చెంపలేసుకుని, నమ్మనందుకు తప్పయిందని ఏడ్చింది. దిగలేదు. ఎండ ఎక్కింది, రొట్టె అంచులు ఎండి లేచాయి. అందరూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకోసాగారు.

చిన్నవ్వ లేచింది. చెప్పులు విడిచి విస్తరి దగ్గర వంగింది. మా అందరికీ వినబడేటట్టే చెప్పింది. "ఇను. అత్త నెత్తి మీద కాకి తన్నలే. నేనే అబద్ధమాడిన. నీ మీసం వోవాలెననే తార్ గొట్టిచ్చిన. ఇగ తిను." చెప్పి వచ్చి మళ్లీ తన చోట్లో కూర్చుంది. తుమ్మచెట్టు మీదినుంచి ఒక కాకి దిగింది. రొట్టె తుంచుకుంది. దాని వెనక మిగతావి దిగాయి. బాపు కండువాతో ముఖం కప్పుకున్నాడు.

ఇప్పుడు ఫ్యాక్టరీ గొట్టంలో పొగ లేదు, మా వాకిట్లోకి మడ్డి వాసన రాదు. కాకులు కూడా పలచబడ్డాయి. పోయినేడు మావాళ్లలో ఒకరికి పిట్టకు పెడితే పొద్దుగూకేదాకా చూసి ఆవుకు పెట్టి వచ్చాం. చావు కబురు ఫోన్లో వస్తుంది. అది నిజమా అబద్ధమా అని ఎవరికీ అనుమానం రాదు, ఎవరూ పరుగెత్తుకుంటూ రారు, చేతులు జోడించిన బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటారు. నేనూ పంపుతాను. అబద్ధపు కబురుకు కూడా నిజంగా ఏడ్చిన మనుషుల మధ్య పెరిగినదాన్ని. ఆ బొమ్మ పంపిన ప్రతిసారీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఆ పదో రోజు సాయంత్రం చిన్నవ్వ బావి దగ్గర గిన్నెలు తోముతుంటే పోయి పక్కన కూర్చున్నాను. కట్ట మీద ఆమె చెప్పింది విన్నప్పటి నుంచి నాకు మనసు నిలవలేదు. అందరూ నమ్మారు. నేనే నమ్మలేకపోయాను. అబద్ధం ఆమె అప్పుడు ఆడిందా, ఇప్పుడు ఆడిందా?

"నిజంగనే కాకి తన్నలేదా సిన్నవ్వా?" అని అడిగాను.

ఆమె బూడిద చేతితో గిన్నె తిప్పుతూ, "ఆయినె ఇన్నేండ్లసంది ఏం ఇనాలని సూసిండో గదే జెప్పిన" అంది.

"మరి నిజమేంది?"

ఆమె తోమడం ఆపి నా ముఖంలోకి చూసింది. "పిట్ట ముట్టిందా లేదా?"

"ముట్టింది."

"ఇగ గిన్నెలు అందుకో" అంది.